కూర్చోలేని బెర్నడీన్

బెర్నడీన్ స్కౌరన్ షికాగోలో, ఊరికి వాయవ్యాన ఉన్న ఒక పేటలో ఇరవై ఏడేళ్లు ఉత్తరాలు పంచింది. రోజుకు పది మైళ్ల నడక. మంచు మోకాలి లోతు పడినా, ఎండకు తారు కరిగి చెప్పులకు అంటుకున్నా ఆ నడక ఆగలేదు. చివరికి కుడి మోకాలు అరిగిపోయి, దాన్ని తీసేసి కొత్తది వేశాక, గడిచిన నవంబరులో పని మానుకుంది. అప్పటికి అరవై రెండేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఒకడి ఎదురుగా కూర్చుని రోజూ అన్నం తినే ఓపిక నాకెక్కడిది?" అనేది.

ఇంట్లో ఉండడం మొదలుపెట్టాక వంటగది అలమరలన్నీ మూడుసార్లు ఖాళీ చేసి మూడుసార్లు సర్దింది. నేలమాళిగకు ఒక రంగు వేసింది. అది నచ్చక దానిమీద ఇంకో రంగు వేసింది. డిసెంబరులో ఒకరోజు, భుజాన సంచీ లేకుండానే, తన పాత వీధుల్లోకి బయల్దేరింది. మొదటి ఇంటి నుంచి చివరి ఇంటిదాకా, అదే వరసలో. గుమ్మాల్లో ఉన్నవాళ్లు అలవాటుకొద్దీ "మాకేమైనా ఉన్నాయా?" అని అడిగారు. అలా వారం తిరిగింది. ఎనిమిదో రోజు ఆమె స్థానంలో కొత్తగా వచ్చిన టన్యా అనే ఆవిడ మూలమలుపులో ఆగి, వెనక్కి తిరిగింది.

"అమ్మా, మీరిట్లా నా వెనకాలే వస్తుంటే నేనేదో దొంగతనం చేస్తున్నట్టుంది. కాస్త వేరే వీధుల్లో నడవకూడదూ?"

మర్యాదగానే అడిగింది. అయినా బెర్నడీన్‌కి చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఆ రోజు నుంచి వేరే వీధుల్లో నడిచింది. అక్కడి ఇళ్ల నంబర్లు ఆమెకు కంఠతా రావు. నడక రుచించలేదు.

ఫిబ్రవరి నెలాఖరులో, ఒక బుధవారం పొద్దున, ఫోను మోగింది.

"ఒసే బెర్నీ, నేను."

అక్క మార్సెలా గొంతు. పదకొండేళ్ల తర్వాత.

"ఎవరు పోయారు?" అంది బెర్నడీన్.

"ఎవరూ పోలేదు. శుక్రవారం సాయంత్రం ఖాళీయేనా?"

"నాకు ఖాళీ తప్ప ఇంకేముంది?"

"అయితే ఐదింటికి ఫానెల్లీ దగ్గరికి రా. పిజ్జా తిందాం."

"పల్చందా, మందందా?"

"మందందే. నీతో కూర్చుని మాట్లాడాలి."

ఫోను పెట్టేశాక బెర్నడీన్ పొయ్యి తుడిచింది. అది శుభ్రంగానే ఉంది. ఆ పేటలో వాళ్లు వారం వారం తినేది పల్చటి పిజ్జా. చదరంగా ముక్కలు కోసి ఇస్తారు, నిలబడి కూడా తినొచ్చు. రెండంగుళాల ఎత్తు అంచు కట్టి, లోతు మూకుడులో కాల్చే మందపాటిది పిల్లలు చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే పండక్కో, ఊరినుంచి చుట్టాలొస్తేనో తింటారు. అది పొయ్యిలో నలభై ఐదు నిమిషాలు ఉండాలి. తొందరపెడితే నడిమధ్య పచ్చిగా ఉంటుంది. అక్క కావాలనే దాన్ని ఎంచుకుందని, తనను కదలకుండా కట్టేయడానికి అంతకన్నా మంచి తాడు దొరకలేదని బెర్నడీన్‌కి అర్థమైంది.

వాళ్లిద్దరి మధ్య మాటలు తెగిపోయింది తండ్రి దగ్గర. స్టానిస్లాస్ స్కౌరన్ ఉక్కు కార్ఖానాలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసిన మనిషి. ఊపిరితిత్తులు పాడై తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ తొమ్మిది రోజులూ మార్సెలా మంచం పక్కన కుర్చీలోనే ఉంది. ఆమెకు కూర్చోవడం చేతనైన పని. పెళ్లికి ముందూ తర్వాతా ఒక పళ్ల డాక్టరు గదిలో, బల్ల వెనక కూర్చుని ఉద్యోగం చేసింది. బెర్నడీన్ మాత్రం కాలు కాలిన పిల్లిలా తిరిగింది. కాఫీ తెస్తాననేది, దుప్పటి అడిగొస్తాననేది, కారు ఎలా ఉందో చూసొస్తాననేది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండు దాటాక, "పది నిమిషాల్లో వస్తా" అని లేచి వెళ్లింది. ముప్పావు గంటకు తిరిగొచ్చేసరికి తండ్రి ముఖం మీదికి దుప్పటి లాగి ఉంది.

సమాధి కార్యక్రమం అయ్యాక భోజనాల దగ్గర, చుట్టాలందరూ వినేలా, మార్సెలా ఒక మాట చెప్పింది. చివరి నిమిషంలో నాన్న కళ్లు తెరిచాడని, తలుపు వైపు చూశాడని, "బెర్నీ ఏది?" అని అడిగాడని, అంతే పోయాడని. ఆ తర్వాత, "దానికి కూర్చోవడం రాదు. కన్నతండ్రి ప్రాణం పోతున్నా రాదు" అంది.

బెర్నడీన్ ఎంగిలి పళ్లెం అక్కడే వదిలి బయటికి నడిచింది. అప్పటినుంచి పండగలకు వెళ్లలేదు. మార్సెలా మనవరాలు పుట్టినా చూడలేదు. సంచీ తగిలించుకుని నడుస్తుంటే, రెండిళ్లకు మధ్య, మెట్లెక్కేటప్పుడు, తండ్రి గొంతు వినపడేది. "బెర్నీ ఏది?" ఆ గొంతుకన్నా ముందు నడవాలన్నట్టు అడుగులు ఇంకా త్వరగా వేసేది.

శుక్రవారం ఆమె నాలుగున్నరకే బయల్దేరింది. వీధి పక్కన కార్లు పెట్టుకోవడానికి మంచు తవ్వుకున్న చోట్లలో ఎవరి జాగా వాళ్లదన్నట్టు విరిగిన కుర్చీలూ, ఒకచోట ఇస్త్రీ బల్లా పెట్టి ఉన్నాయి. వాటిని జరిపే ధైర్యం ఆ పేటలో ఎవరికీ లేదు. రెండు వీధుల అవతల కారు ఆపి, కుంటుకుంటూ నడిచి, పావుగంట ముందే లోపల అడుగుపెట్టింది.

ఆర్లీన్ ఎదురొచ్చింది. ఫానెల్లీ దగ్గర ముప్ఫై ఏళ్లుగా వడ్డించే మనిషి.

"ఏంటి పోస్టమ్మా, చేతుల్లో ఉత్తరాల్లేవే?"

"తినడానికొచ్చా."

"ఇరవై ఏడేళ్లు ఆ గుమ్మంలోంచే ఉత్తరాలు విసిరేసి పోయావు. నీకు మోకాళ్లు వంగుతాయని ఇవాళే చూస్తున్నా."

"ఒకటే వంగుతుంది. రెండోది ఇనుముది."

గోడవారగా ఇద్దరు కూర్చునే బల్ల చూపించింది ఆర్లీన్. బెర్నడీన్ తలుపుకు దగ్గరగా ఉన్నది అడిగింది. అక్కడ చలిగాలి కొడుతుందని ఆర్లీన్ అంటే, కొట్టనీ అంది.

మార్సెలా సరిగ్గా ఐదింటికి వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, మొత్తం తెల్లబడింది. చేతిలో కర్ర ఉంది. పదకొండేళ్లలో అక్క ముసలిదైపోయిందని, అందులో ఒక్క రోజు కూడా తాను చూడలేదని బెర్నడీన్‌కి అనిపించింది. ఇద్దరూ కౌగిలించుకోలేదు. మార్సెలా కర్రను గోడకు ఆనించి కుర్చీలో నెమ్మదిగా కూర్చుంది.

"చిక్కిపోయావే."

"నువ్వు చిక్కలేదులే," అంది బెర్నడీన్.

ఆర్లీన్ వచ్చి నిలబడింది.

"సాసేజ్ వేయించుకుందాం," అంది బెర్నడీన్.

"ఇవాళ శుక్రవారమే. ఈస్టర్‌కి ముందు తపస్సు కాలమే. మాంసం ఏంటే?"

"అది చీజ్ కింద కదా ఉండేది. పైన అంతా టమోటాయేనాయె. దేవుడికేం కనపడుతుంది?"

ఆర్లీన్ నవ్వింది. మార్సెలా నవ్వలేదు. "పాలకూరా చీజూ," అని చెప్పింది. ఆర్లీన్ రాసుకుని, "నలభై ఐదు నిమిషాలు. ఇవాళ రద్దీ కాబట్టి యాభై అనుకోండి," అని వెళ్లిపోయింది.

మొదటి పది నిమిషాలు మార్సెలా చర్చి గురించి మాట్లాడింది. రెండు చర్చిల్ని కలిపేశారని, కొత్త ఫాదర్ మరీ మెల్లగా మాట్లాడతాడని, తమ తల్లి పేరున ఇచ్చిన బెంచీని ఎక్కడికి తీసుకెళ్లారో ఎవరికీ తెలియదని. బెర్నడీన్ వింటూనే ఉంది. కానీ బల్ల కింద ఆమె ఎడమ కాలు ఆడుతూనే ఉంది. గ్లాసుల్లో నీళ్లు వణికాయి. మార్సెలా ఆ నీళ్ల వంక చూసి, తన గ్లాసు ఎత్తి పట్టుకుంది.

బెర్నడీన్ చేతులు కడుక్కొస్తానని లేచింది. వచ్చి కూర్చుని మళ్లీ లేచి, గోడమీద ఉన్న పాత ఫొటోలన్నీ చూసింది. పక్క బల్లమీద కాగితపు రుమాళ్ల డబ్బా ఖాళీగా కనిపిస్తే, గల్లా దగ్గర్నుంచి కట్ట తెచ్చి నింపింది. రెండో బల్ల దగ్గరికి పోతుంటే ఆర్లీన్ పట్టుకుంది.

"ఇదిగో, ఫానెల్లీ నీకు జీతమిస్తున్నాడా? పోయి కూర్చో తల్లీ."

కూర్చుంది. ముళ్లమీద కూర్చున్నట్టే ఉంది. "ఎందుకు పిలిచావో చెప్పు," అంది అక్కతో.

"తిన్నాక చెబుతా."

"ఇప్పుడే చెప్పు. నీ ఒంట్లో బాలేదా?"

"తిన్నాకన్నానుగా. ఒక్కసారి, ఒక్క అరగంట, నా ఎదురుగా కూర్చోలేవూ?"

ఆ మాట వినగానే బెర్నడీన్ లేచింది. కోటు చేతిలోకి తీసుకుంది. "పది నిమిషాల్లో వస్తా," అంది.

బయటికొచ్చి మలుపు తిరిగాక గానీ తానన్న మాట ఏమిటో ఆమె చెవికి ఎక్కలేదు. ఎక్కగానే కాళ్లు నిలిచిపోయాయి. వెనక్కి పోదామనుకుంది. పోతే ఏం చెప్పాలో తోచలేదు. ముందుకే నడిచింది. ఒకప్పుడు ఆ నాలుగు వీధుల చుట్టు ఆమెకు ఐదు నిమిషాల పని. ఇప్పుడు బాట మీద మంచు గాజులా గట్టిపడి ఉంది; కొత్త మోకాలును నమ్మలేక ఒక్కో అడుగు ఆచితూచి వేసింది.

నడుస్తూ ఆ మధ్యాహ్నం గుర్తుచేసుకుంది. ఆ ముప్పావు గంటలో తాను ఏం చేసింది? పదకొండేళ్లుగా దానికొక మంచి జవాబు కోసం వెతికింది. తండ్రి కోసం ఏదో కొనడానికి వెళ్లి ఉంటే బాగుండేది. చర్చిలో మోకరించి ఉంటే బాగుండేది. కనీసం ఎక్కడైనా కూర్చుని ఏడ్చి ఉన్నా బాగుండేది. అవేమీ చేయలేదు. ఆసుపత్రి వెనక వీధుల్లో నడుస్తూ, తెలియని ఇళ్ల నంబర్లు వరసగా చదువుకుంది. సరి సంఖ్యలు ఒక వైపు, బేసి సంఖ్యలు ఒక వైపు. అంతే. అలా చదువుకుంటున్నంతసేపూ ప్రాణం హాయిగా ఉంది కూడా. ఆ హాయి గురించి ఆమె ఎవరికీ, చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు ఫాదర్‌కి కూడా, చెప్పలేదు.

కారు ఆపిన వీధి వచ్చింది. తాళంచెవి కోటు జేబులోనే ఉంది. కారు దాకా నడిచి, తలుపు పిడి మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే నిలబడింది. వెళ్లిపోతే ఇంటికి వెళ్లి ఏం చేయాలి? నేలమాళిగకు ఇంకో రంగు వేయాలా? చెయ్యి తీసేసి ఫానెల్లీ వైపు తిరిగింది.

తలుపు తోసేసరికి మార్సెలా నిలబడి ఉంది. కోటు చేతుల్లో ఒకటి తొడుక్కుంది, రెండోది ఖాళీగా వేలాడుతోంది. ఆర్లీన్ ఆ వేలాడే కోటు చెయ్యి పట్టుకుని, "ఇంకో పదిహేను నిమిషాల్లో అయిపోతుందమ్మా, పొయ్యిలో ఉందిగా, మధ్యలో తీసి నేనెవరికి పెట్టను?" అని బతిమాలుతోంది.

మార్సెలా చెల్లెల్ని చూసింది. "పది నిమిషాలన్నావు. ఇరవై రెండయింది."

"గడియారం చూస్తూ కూర్చున్నావా?"

"నాకొచ్చింది అదేగా. కూర్చోవడం." గోడకు ఆనించిన కర్ర చేతిలోకి తీసుకుంది. "అదీ సరిగా రాదనుకో."

ఆర్లీన్ నెమ్మదిగా పక్కకు తప్పుకుంది. ఇద్దరూ కూర్చున్నారు. మార్సెలా కోటు విప్పలేదు; ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి బయట ఉంచుకునే మాట్లాడింది.

"ఆ రోజు నేను నిద్రపోయానే."

"ఏ రోజు?"

"నాన్న పోయిన రోజు. నువ్వు వెళ్లిన రెండు నిమిషాలకే కుర్చీలో కునుకు పట్టింది. అంతకుముందు మూడు రాత్రులు కన్ను మూయలేదు. నర్సొచ్చి భుజం తట్టి లేపింది. అప్పటికే అయిపోయింది."

బెర్నడీన్‌కి మొదట అర్థం కాలేదు. "మరి నన్ను అడిగాడన్నావు?"

"అడగలేదు. అడిగాడో లేదో నాకు తెలీదు. నేను నిద్రలో ఉన్నా."

"తలుపు వైపు చూశాడన్నావు."

"అన్నాను."

"అందరి ముందూ అన్నావు."

"అన్నానే. తొమ్మిది రోజులు కూర్చుని, ఆ ఒక్క నిమిషం నిద్రపోయానని ఎలా చెప్పను? నువ్వు వెళ్లి తిరుగుతున్నావని ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చింది. ఒకసారి అన్నాక, అందరూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చాక, ఇంక వెనక్కి తీసుకోలేకపోయా."

"ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

మార్సెలా సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. మనవరాలు టెస్ బడిలో రాసిన వ్యాసం. తన కుటుంబం గురించి రాయమంటే, ముత్తాత ఉక్కు కార్ఖానా గురించి, ఆయన పోయిన రోజు గురించి రాసింది. చివర్లో, గుండ్రటి అక్షరాలతో, ఆయన చివరి మాట ఉంది. పక్కన టీచరు ఎర్ర సిరాతో నక్షత్రం వేసి, "గుండె కదిలించావు" అని రాసింది.

"అందరి ముందూ పైకి చదివింది," అంది మార్సెలా. "నేను వెనక వరసలో ఉన్నా. నా నోట్లోంచి వచ్చింది కాగితమ్మీద కనపడేసరికి... నేను పోయాక కూడా ఇదే మిగులుతుంది కదా అనిపించింది."

బెర్నడీన్ ఆ కాగితాన్ని చివరిదాకా చదివింది. ఆమె కాలు ఆడడం మానేసింది. ముఖం ఎర్రబడింది.

"రోజూ వినపడేది నాకు," అంది. గొంతు పెంచలేదు. "మెట్టు మెట్టుకీ. పదకొండేళ్లు. అంటే నాన్న కాదు, నువ్వా అరిచింది."

మార్సెలా ఏదో అనబోయింది. ఆర్లీన్ వచ్చింది. రెండు చేతులతో నల్లటి మూకుడు పట్టుకొచ్చి బల్ల మధ్యలో దించింది. పైన టమోటా ఇంకా ఉడుకుతోంది. "మూకుడు ముట్టుకోకండి, కాలుతుంది," అంటూ గరిటెతో ఒక ముక్క లేపింది. చీజ్ బారెడు పొడవు సాగింది. దాన్ని కత్తితో తెంచి పళ్లేల్లో పెట్టి, ఇద్దరి ముఖాలూ చూసి వెళ్లిపోయింది.

వెంటనే తింటే నాలుక కాలుతుంది. ఇద్దరూ పళ్లేల వంక చూస్తూ ఉన్నారు.

"నేను వెళ్లేటప్పటికి ఊపిరి ఎలా ఉంది?" అంది బెర్నడీన్.

"మామూలుగానే ఉంది. మెల్లగా."

"ఆ తర్వాత మెలకువొచ్చిందా ఆయనకి?"

"తెలీదే. చెప్పాగా."

"అంటే ఆయన కళ్లు తెరిచినా, ఎవరున్నారో చూసినా, మనిద్దరికీ తెలీదు."

"తెలీదు," అంది మార్సెలా. ఆమె కళ్లు నిండి, నీళ్లు గడ్డం దాకా జారాయి. తుడుచుకోలేదు; బయట ఉన్న చేత్తో కర్ర పట్టుకుని ఉంది. బెర్నడీన్ కాగితపు రుమాలు తీసి బల్లమీదుగా తోసింది. చేతికి అందించలేదు.

తిన్నారు. ఫోర్కుతో, కత్తితో, పోట్లాడిన పిల్లల్లా తలలు వంచుకుని తిన్నారు. బెర్నడీన్ రెండు ముక్కలు తినేసింది. కోపంలో ఆమెకు ఆకలి పెరుగుతుంది. మూడోది పెట్టుకుంటూ అంది:

"ఈస్టర్‌కి ఐరీన్ అత్త కొడుకు రేమండ్ ఇంట్లో అందరూ వస్తారుగా. అక్కడ చెప్పాలి నువ్వు."

"అందరి ముందా?"

"ఆరోజు అందరి ముందే కదా అన్నావు."

మార్సెలా తల ఊపింది. "టెస్‌కి చెప్పా, మార్చి రాయవే అని. నక్షత్రం పోతుందేమోనని ఏడ్చింది."

బెర్నడీన్‌కి నవ్వొచ్చింది. ఆపుకుంది. "దాన్ని వదిలెయ్. నువ్వు చెప్పు చాలు."

మిగిలిన సగం ఆర్లీన్ అట్టపెట్టెల్లో పెట్టిచ్చింది. వీధిలో మంచు మీద మార్సెలా కర్ర జారుతుంటే బెర్నడీన్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఒకరికి కర్ర, ఇంకొకరికి ఇనుప మోకాలు. యాభై అడుగులు నడవడానికి చాలాసేపు పట్టింది. తన కారు దగ్గర మార్సెలా, "నన్ను క్షమించావా?" అంది.

"ఇంకా లేదు," అంది బెర్నడీన్. "జారతావు, ముందు ఎక్కు."

ఈస్టర్ నాడు, రేమండ్ పందితొడ హామ్ కోయడానికి కత్తి తీసేముందు, మార్సెలా లేచి నిలబడి చెప్పింది. తొంభై ఏళ్ల ఐరీన్ అత్తకు సరిగా వినపడక "ఏంటీ, ఏమంటోంది?" అని అడిగింది. అందుకని మొత్తం మళ్లీ మొదట్నుంచి, ఈసారి గట్టిగా, చెప్పాల్సొచ్చింది. రెండోసారి చెబుతుంటే మార్సెలా మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి. రేమండ్ భార్య బంగాళాదుంపల గిన్నె అందించింది. ఐరీన్ అత్త మాత్రం, "పాత కథే బాగుండెనే," అంది.

మనసు తేలికపడుతుందని బెర్నడీన్ అనుకుంది. తేలికపడలేదు. వారంపాటు నడకలో ఆ గొంతు కోసం చెవి రిక్కించింది. రాలేదు. అది పోయిందని సంతోషించాల్సిన మనిషి, దాని చోట ఏమీ లేదని గ్రహించి, ఒకరోజు నడిరోడ్డున నిలబడి ఏడ్చింది. పదకొండేళ్లు అదొక్కటే తండ్రి దగ్గర్నుంచి తనకు మిగిలిన మాట. అక్క మీద మళ్లీ కోపం వచ్చింది. మూడు వారాలు ఫోను తీయలేదు.

మే నెలలో చర్చివాళ్లు ఇల్లు కదలలేని ముసలివాళ్లకు భోజనాలు చేరవేసే మనుషులు కావాలంటే వెళ్లి పేరిచ్చింది. ఇరవై మూడు ఇళ్లు, వారానికి మూడు రోజులు, సరి సంఖ్యలూ బేసి సంఖ్యలూ ఆమెవే. మొదటిరోజు పని ముగించి, ఇంటికి రాగానే కోటైనా విప్పకుండా మార్సెలాకి ఫోను చేసింది.

"ఒక ముసలాయన నన్ను కూర్చోమన్నాడే," అంది. "సూపు అయిపోయేదాకా ఎదురుగా ఉండాలట."

"ఉన్నావా?"

"నిలబడ్డా. గుమ్మంలో. గిన్నె ఖాళీ అయ్యేదాకా."

"ఎంతసేపు?"

"చాలాసేపే. పళ్లు లేవు ఆయనకి."

మార్సెలా నవ్వడం ఫోనులో వినపడింది. బెర్నడీన్ ఇంకో చేత్తో కోటు బొత్తాలు విప్పుకుంటూ, ఆ ముసలాయన ఇంట్లో గోడ గడియారం తప్పు నడుస్తోందని, రేపు బ్యాటరీ కొనుక్కుపోవాలని చెప్పడం మొదలుపెట్టింది.